తిలాపియాలో “అంతా మగ సీడ్” ఎలా సాధ్యం? చేపల్లో, కప్పల్లో ఆడ మగలను తేల్చే క్రోమోజోముల సంగతులు

గిఫ్ట్ తిలాపియా సాగు చేయాలనుకునే రైతు సీడ్ కొనేటప్పుడు వినే మొదటి మాట “మోనోసెక్స్”. అంటే అన్నీ మగ పిల్లలే. ఆ మాట మీదే సీడ్ ధర, ఆ మాట మీదే పంట లెక్క. తీరా నాలుగైదు నెలలకు వల లాగితే పెద్ద చేపలతో పాటు వేలెడు పిల్లలు కుప్పలుగా పడతాయి. హేచరీ మోసం చేసిందని రైతు అంటాడు, కాలువ నీటితో వచ్చి ఉంటాయని హేచరీ అంటుంది. రెండింటిలో ఏదైనా నిజం కావచ్చు. అయితే చాలా సందర్భాల్లో అసలు కారణం చేప ఒంట్లోనే ఉంటుంది. చేపల్లో ఆడ, మగ అన్నది పశువుల్లో మాదిరి పుట్టుకతో బిగుసుకుపోయిన వ్యవహారం కాదు. ఈ సంగతి తెలిస్తే సీడ్ కొనేటప్పుడు ఏం అడగాలో, ఏ హామీని నమ్మకూడదో రైతుకే అర్థమవుతుంది. అందుకే ఈసారి మేత, నీటి యాజమాన్యం పక్కన పెట్టి కొంచెం లోతుకు వెళ్దాం.

పశువుల్లో, కోళ్లలో ఎలా ఉంటుంది

ఆవులు, గేదెల్లో ఆడదానికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగదానికి ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. తల్లి నుంచి ఎప్పుడూ ఎక్సే వస్తుంది. తండ్రి వీర్యకణంలో ఎక్స్ ఉంటే పెయ్య దూడ, వై ఉంటే కోడె దూడ. కోళ్లలో ఇది తిరగబడి ఉంటుంది. పుంజుకు రెండు జడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యూ. అంటే పిల్ల పుంజా పెట్టా అన్నది పెట్ట గుడ్డులోనే తేలిపోతుంది.

పశువుల్లో వై క్రోమోజోము ఎక్స్ కంటే బాగా చిన్నది. పాడి రైతులు ఇప్పుడు వాడుతున్న లింగ నిర్ధారిత వీర్యం ఈ తేడా మీదే ఆధారపడింది. వై ఉన్న వీర్యకణంలో జన్యు పదార్థం ఎక్స్ ఉన్నదానికంటే సుమారు 4 శాతం తక్కువ. ఆ కొద్ది తేడాను యంత్రం గుర్తించి రెండు రకాలనూ వేరు చేస్తుంది. పెయ్య దూడలు 90 శాతం వరకు రావడం అందువల్లే.

మరి చేప పాలను కూడా ఇలాగే వేరు చేయవచ్చు కదా అని ఒక యువరైతు అడిగాడు. మంచి ప్రశ్న. తిలాపియాలో అది కుదరదు. దాని ఎక్స్, వై క్రోమోజోములను సూక్ష్మదర్శినిలో పెట్టి చూసినా ఏది ఏదో పోల్చుకోలేం, అంత ఒకేలా ఉంటాయి. చాలా చేపల్లో, దాదాపు అన్ని కప్పల్లో ఇదే పరిస్థితి. ఒకేలా ఎందుకున్నాయన్న ప్రశ్నకు జవాబు దొరికితే, అంతా మగ సీడ్ ఎలా సాధ్యమో కూడా తెలిసిపోతుంది.

వై ఎందుకు చిక్కిపోతుంది

లింగ క్రోమోజోములు మొదట్లో మామూలు జతలే. ఆ జతలో ఒకదాని మీద ఉన్న ఏదో ఒక జన్యువు మారిపోయి, “ఈ పిండం మగదిగా పెరగాలి” అని చెప్పే స్విచ్‌గా తయారవుతుంది. ఆ స్విచ్ ఉన్నది వై అవుతుంది, లేనిది ఎక్స్ అవుతుంది. క్షీరదాల్లో ఈ స్విచ్ పేరు ఎస్‌ఆర్‌వై. దీన్ని 1990లో కనుగొన్నారు.

మామూలు క్రోమోజోముల జత ప్రతి తరంలోనూ ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుంటుంది. ఒకే దస్తావేజుకు రెండు నకళ్లు ఉన్నాయనుకోండి. ఒకదాంట్లో అక్షరం చెరిగితే రెండోది చూసి సరిచేసుకోవచ్చు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం వల్ల జరిగేది దాదాపు అదే. అయితే స్విచ్ చుట్టుపక్కల భాగంలో ఎక్స్, వై మధ్య ఈ మార్పిడి ఆగిపోతుంది. ఆగకపోతే స్విచ్ ఎక్స్ మీదికీ వెళ్లి అంతా గందరగోళమవుతుంది. మార్పిడి ఆగిన భాగంలో తప్పులు పేరుకుంటాయి, పనికిరాని జన్యువులు క్రమంగా ఊడిపోతాయి. క్షీరదాల వైకి పదిహేను కోట్ల ఏళ్లు దాటాయి. అంతకాలం నకలు సరిచూసుకోకపోతే దస్తావేజులో ఎంత మిగులుతుంది? ఎక్స్ మీద ఎనిమిది వందలకు పైగా జన్యువులుంటే, వై మీద మిగిలింది చాలా కొద్ది.

దీనివల్ల ఒక ముఖ్యమైన పర్యవసానం ఉంది. పశువుల్లో రెండు వైలు మాత్రమే ఉండి ఎక్స్ లేని జీవి బతకదు. బతకడానికి కావలసిన జన్యువులు ఎక్స్ మీదే ఉండిపోయాయి. చేపల్లో అలా కాదు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, తిలాపియా దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

బొప్పాయి రైతులకు ఇందులో కొంత తెలిసిందే. బొప్పాయిలోనూ లింగ క్రోమోజోములున్నాయి. వాటి వయసు కోటి ఏళ్ల లోపే, అంటే కుర్రవే. అయినా ద్విలింగ చెట్టు నుంచి స్వపరాగ సంపర్కంతో వచ్చిన గింజల్లో రెండు పాళ్లు ద్విలింగ మొక్కలు, ఒక పాలు ఆడ మొక్కలు వస్తాయి. మామూలు లెక్క ప్రకారం నాలుగో వంతు రావలసిన “వైవై” గింజలు పిండ దశలోనే చచ్చిపోతాయి. కాబట్టి వయసు ఒక్కటే కాదు, చెడిన భాగంలో ఏ జన్యువు పోయిందన్నది కూడా ముఖ్యం.

చేపల్లో స్విచ్ ఒకటి కాదు

క్షీరదాలన్నిటిలో దాదాపు ఒకే స్విచ్. చేపల్లో మాత్రం దగ్గరి చుట్టాలైన జాతుల్లోనే వేర్వేరు స్విచ్‌లు దొరుకుతున్నాయి. దీనికి జపాన్ వరి పొలాల్లో ఉండే మెడాకా అనే చిట్టి చేప మంచి ఉదాహరణ. అంగుళం పైన ఉండే ఈ చేప మీద జపాన్‌లో వందేళ్లుగా పరిశోధన నడుస్తోంది. 1953లో నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన యమమోటో తోకియో ఈ చేప పిల్లలకు మేతలో హార్మోన్ కలిపి పెట్టి, జన్యుపరంగా మగవాటిని గుడ్లు పెట్టే ఆడ చేపలుగా మార్చి చూపించారు. ఆ తర్వాత బతికే వైవై మగ చేపలనూ సాధించారు. నేటి మోనోసెక్స్ సీడ్‌కు మూలం ఇక్కడే ఉంది.

మెడాకా స్విచ్‌ను 2002లో గుర్తించి డిఎంవై అని పేరు పెట్టారు. క్షీరదాల తర్వాత వెన్నెముక జీవుల్లో దొరికిన మొదటి లింగ నిర్ధారక జన్యువు ఇదే. ఇది వేరే క్రోమోజోము మీద ఉన్న ఒక జన్యువు నకలై, వచ్చి కొత్తచోట అతుక్కున్నది. వయసు సుమారు కోటి ఏళ్లు. విశేషం ఏమిటంటే మెడాకా చుట్టాల్లో చాలావాటిలో ఇదే స్విచ్ లేదు. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవి మెడాకాలో జిఎస్‌డిఎఫ్ అనే వేరే జన్యువు ఆ పని చేస్తుంది. మన దేశపు తీర ప్రాంతాల ఉప్పునీటి కాలువల్లో తిరిగే ఇండియన్ మెడాకాలో సాక్స్3 అనే మరో జన్యువు చేస్తుంది. ఇదే కుటుంబంలో కొన్ని జాతుల్లో కోళ్లలో మాదిరి జడ్, డబ్ల్యూ పద్ధతి నడుస్తుంది. ఒకే కుటుంబంలో అన్నదమ్ములు నాలుగు రకాల తాళాలు వాడుతున్నట్టు.

స్విచ్ ఎంత చిన్నదైనా కావచ్చనడానికి జపాన్ వాళ్లు ఇష్టంగా తినే పఫర్ చేప సాక్ష్యం. అందులో ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడా ఆడ, మగలను తేలుస్తుందని 2012లో బయటపడింది. మిగతా క్రోమోజోమంతా ఎక్స్, వైలలో ఒక్కటే. అక్వేరియంలలో పెంచే ప్లాటీ చేపలో మరీ విచిత్రం. ఎక్స్, వై, డబ్ల్యూ మూడూ ఒకే జాతిలో ఉన్నాయి. ఎక్స్‌ఎక్స్, డబ్ల్యూఎక్స్, డబ్ల్యూవై ఆడవి. ఎక్స్‌వై, వైవై మగవి. మన గంగా పరీవాహకంలో పుట్టిన జీబ్రా చేపనే చూడండి. సహజంగా దొరికే చేపల్లో జడ్, డబ్ల్యూ పద్ధతి ఉంది. ప్రయోగశాలల్లో తరాల తరబడి పెంచిన రకాల్లో అది కనుమరుగైంది.

కొత్త స్విచ్ వచ్చి పాతదాన్ని పక్కకు నెట్టేసినప్పుడల్లా పాత వై మళ్లీ మామూలు క్రోమోజోమైపోతుంది, చిక్కిపోయే గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. చేపల వై ఎప్పుడూ కుర్రగా కనబడటానికి ఒక కారణం ఇదే.

కప్పల దగ్గర నేర్చుకున్నది

కప్పల్లోనూ ఇలాంటి మార్పిళ్లే. రాన కుటుంబానికి చెందిన కప్పల మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనం, సుమారు ఐదున్నర కోట్ల ఏళ్లలో కనీసం 13 సార్లు లింగ క్రోమోజోము ఒక జత నుంచి మరో జతకు మారిందని లెక్కగట్టింది. పదమూడు జతలుంటే, మళ్లీ మళ్లీ అవే ఐదు జతల మధ్య ఈ పదవి చేతులు మారింది. జపాన్ ముడతల కప్ప మరింత ఆశ్చర్యం. ఒకే జాతి, అదే ఏడో క్రోమోజోము. దేశం వాయవ్య భాగంలో ఉన్న కప్పల్లో జడ్, డబ్ల్యూ పద్ధతి, మధ్య భాగంలో పసిఫిక్ తీరం వైపు ఉన్నవాటిలో ఎక్స్, వై పద్ధతి.

కానీ పదవి మారకుండా లక్షల ఏళ్లు అదే జత ఉన్న కప్పలూ ఉన్నాయి. ఐరోపా చెట్టు కప్పలు అలాంటివే. మరి వాటి వై ఎందుకు చిక్కిపోలేదు? స్విట్జర్లాండ్‌లోని లొసాన్ విశ్వవిద్యాలయానికి చెందిన నికొలా పెరాఁ 2009లో ఒక వివరణ ఇచ్చారు. నాకు నచ్చిన వివరణ ఇది. కప్పల్లో క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం అనేది జన్యువులను బట్టి కాక, శరీరం ఆడదా మగదా అన్నదాన్ని బట్టి నడుస్తుంది. మగ శరీరంలో మార్పిడి చాలా తక్కువ, ఆడ శరీరంలో ఎక్కువ. ఇప్పుడు ఎక్స్‌వై ఉన్న ఒక పిండం ఏ వేడి కారణంగానో, మరేదో కారణంగానో ఆడ కప్పగా పెరిగిందనుకోండి. ఆ ఆడ శరీరంలో ఎక్స్, వై పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. దస్తావేజు ఒక్కసారి సరిచూసుకున్నట్టే. వేల తరాలకు ఇలా ఒక్కసారి జరిగినా వై మళ్లీ కుర్రదవుతుంది. ఐరోపా చెట్టు కప్పల జన్యువులను పోల్చి చూసినప్పుడు ఈ ఊహకు బలం చేకూరింది. ఒక జాతి వై పక్క జాతుల వైల కంటే, తన జాతి ఎక్స్‌నే ఎక్కువగా పోలి ఉంది.

అంటే శరీరం ఒక రకం, జన్యువులు ఒక రకం ఉండటం ఈ జీవుల్లో రోగం కాదు. ప్రకృతిలో అప్పుడప్పుడు జరిగేదే. వాటి వై చెడిపోకుండా ఉండటానికి అదే ఒక కారణం.

ఇక్కడ మొక్కజొన్న రైతులకు ఒక మాట. పిండం శరీరం ఏ వైపు మొగ్గాలో ఇంత సులభంగా తిరగబడుతుందంటే, నీటిలో చేరిన రసాయనాలు కూడా దాన్ని తిప్పగలవు. 2010లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టైరోన్ హేయ్స్ బృందం ఆఫ్రికా గోళ్ల కప్పల మీద ఒక ప్రయోగం ప్రచురించింది. ఈ కప్పలో కోళ్ల పద్ధతి, జడ్‌జడ్ అయితే మగ. జన్యుపరంగా అన్నీ మగవే అయిన పిల్లలను చాలా స్వల్ప మోతాదు అట్రజిన్ కలిపిన నీటిలో పెంచితే, పదింట ఒకటి ఆడ కప్పగా మారి గుడ్లు పెట్టింది. తల్లీ తండ్రీ ఇద్దరూ జడ్‌జడ్ కావడంతో పిల్లలన్నీ మగవే. ఈ ఫలితాల మీద శాస్త్రవేత్తల్లో వాదోపవాదాలు ఉన్నాయి, వేరే ప్రయోగశాలల్లో అన్నీ ఇలాగే రాలేదు. వాదన ఎటు తేలినా మనం చేయగలిగింది ఒకటుంది. కలుపు మందు కొట్టిన పంపును చెరువులో, కాలువలో కడగవద్దు. వాన ముంచుకొస్తున్నప్పుడు కొట్టవద్దు. చేపల చెరువు పక్కన మొక్కజొన్న ఉంటే గట్టు వెంట కొంత మేర మందు పడకుండా వదిలేయండి. పొలంలో కప్పలు తినే పురుగుల లెక్క ఎవరూ కట్టరు గానీ, అవి లేని ఏడాది తెలుస్తుంది.

ఇక తిలాపియాకు వద్దాం

తిలాపియాలో మగది వేగంగా పెరుగుతుంది. ఆడది గుడ్ల మీద శక్తి ఖర్చు పెడుతుంది. అది చాలదన్నట్టు గుడ్లను, పిల్లలను నోట్లో పెట్టుకుని కాపాడుతుంది, ఆ రోజుల్లో మేత ముట్టదు. పైగా చిన్న వయసులోనే గుడ్లు మొదలుపెట్టి, నెల నెలన్నరకు ఒకసారి మళ్లీ పెడుతుంది. చెరువు పిల్లలతో నిండి, మేత అంతా వాటికే పోయి, ఏ చేపా అమ్మకానికి తగిన సైజుకు రాదు. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియాకు చెడ్డపేరు వచ్చింది ఇందుకే. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు మోనోసెక్స్ మగ లేదా సంతానోత్పత్తి లేని తిలాపియా సాగునే అనుమతిస్తున్నాయి. దానికీ మత్స్యశాఖ దగ్గర నమోదు తప్పనిసరి.

అంతా మగ పిల్లలను రాబట్టడానికి మూడు దారులున్నాయి. మూడూ పైన చెప్పిన సంగతుల మీదే నడుస్తాయి.

మొదటిది సంకరం. 1960 ప్రాంతంలో మలయాలోని మలక్కా పరిశోధన కేంద్రంలో హిక్లింగ్ అనే శాస్త్రవేత్త మొజాంబిక్ తిలాపియా ఆడదాన్ని జాంజిబార్ నుంచి తెచ్చిన తిలాపియా మగదానితో కలిపితే పిల్లలన్నీ మగవే వచ్చాయి. మొదట ఎందుకో ఎవరికీ పాలుపోలేదు. తర్వాత తేలింది, మొజాంబిక్‌లో ఎక్స్, వై పద్ధతి, రెండోదాంట్లో జడ్, డబ్ల్యూ పద్ధతి. ఎక్స్‌ఎక్స్ తల్లి, జడ్‌జడ్ తండ్రి కలిస్తే ప్రతి పిల్లకూ ఎక్స్‌జడ్ వస్తుంది, అది మగ. నైల్ తిలాపియా ఆడదానికి బ్లూ తిలాపియా మగదాన్ని కలిపి ఇజ్రాయిల్‌లో ఇదే పద్ధతి వాడారు. చిక్కేమిటంటే రెండు జాతులనూ తరతరాలుగా కల్తీ లేకుండా ఉంచాలి. ఒక్క సంకర చేప తల్లి చేపల చెరువులో కలిసిందా, లెక్క తప్పుతుంది.

రెండోది వైవై మగ చేప. ఇంగ్లండు పొరుగున ఉన్న వేల్స్‌లోని స్వాన్సీ విశ్వవిద్యాలయం, ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలతో కలిసి దీన్ని సాధించింది. లెక్క చాలా ఇంపుగా ఉంటుంది. ఎక్స్‌వై పిల్లలకు ఆడ హార్మోన్ పెట్టి ఆడవిగా మారుస్తారు. వాటిని మామూలు ఎక్స్‌వై మగవాటితో కలుపుతారు. పిల్లల్లో నాలుగో వంతు ఎక్స్‌ఎక్స్, సగం ఎక్స్‌వై, నాలుగో వంతు వైవై. పశువులో అయితే ఈ చివరి పావు పుట్టదు. తిలాపియా వై చెడిపోలేదు కాబట్టి ఇక్కడ అది పుట్టి, పెరిగి, పోతు చేప అవుతుంది. ఏది వైవైయో పిల్లలు తీయించి చూసి గుర్తుపట్టాలి. గుర్తుపట్టాక, దాన్ని మామూలు ఆడ చేపతో కలిపితే ప్రతి పిల్లకూ తండ్రి నుంచి వై తప్ప వేరేది రాదు. రైతు చెరువులో పడే పిల్ల ఒంట్లో హార్మోన్ చుక్క ఉండదు. ఇంత చేసినా సగటున 95 శాతమే మగవి వచ్చాయి, నూరు రాలేదు.

మూడోది హార్మోన్ మేత. మన దగ్గర ఎక్కువ హేచరీలు చేసేది ఇదే. పచ్చసొన తగ్గి, మేత తినడం మొదలుపెట్టిన పిల్లలకు మొదటి మూడు నాలుగు వారాలు మిథైల్ టెస్టోస్టిరాన్ కలిపిన మేత పెడతారు. కిలో మేతకు సాధారణంగా 60 మిల్లీగ్రాములు. ఎక్స్‌ఎక్స్ పిల్లలు కూడా మగ శరీరంతో పెరుగుతాయి. ఈ మేత ఆపిన కొద్ది వారాల్లోనే హార్మోన్ ఒంట్లోంచి పోతుంది, అమ్మే సైజుకు రావడానికి ఇంకా నెలలు పడుతుంది కాబట్టి తినేవారు భయపడక్కర్లేదు. జాగ్రత్త పడవలసింది హేచరీలో ఆ మేత కలిపేవారు. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి, గర్భిణులు ఆ పని చేయరాదు. రైతు తన చెరువు దగ్గర ఈ మందు కలుపుకోవడం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు.

నూరు శాతం ఎందుకు రాదు

నైల్ తిలాపియా మగ స్విచ్‌ను 2015లో చైనా శాస్త్రవేత్తలు ఇరవై మూడో జన్యు సమూహంలో కనుగొన్నారు. కానీ వేరే రకాల్లో అది ఒకటో సమూహంలో కనబడుతోంది, బ్లూ తిలాపియాలో మూడో దాంట్లో. తరాల తరబడి రకాలు కలగలిసిన తల్లి చేపల్లో ఒకటికి మించి స్విచ్‌లు ఉండవచ్చు. దీనికి వేడి కూడా తోడవుతుంది. పుట్టిన పది రోజుల ప్రాంతంలో నీరు 36 డిగ్రీలు దాటితే కొన్ని కుటుంబాల పిల్లల్లో మగవి పెరుగుతాయి, కొన్నింటిలో ఏ మార్పూ ఉండదు. ఇది విని ఎవరూ వేడి నీటి ప్రయోగాలు చేయకండి, మగవి కావడం కంటే ముందు చచ్చేవి ఎక్కువ.

హార్మోన్ మేత పద్ధతిలో తప్పు దొర్లే చోట్లు వేరు. పిల్లలను చెరువు నుంచి ఆలస్యంగా పడితే కొన్ని 14 మిల్లీమీటర్లు దాటి ఉంటాయి, వాటిలో అప్పటికే ఆడ అవయవం ఏర్పడటం మొదలై ఉంటుంది. పచ్చ నీటిలో పెంచితే పిల్లలు ప్లవకాలు తిని మందు మేత తక్కువ తింటాయి. ఎండ తగిలేలా దాచిన మేతలో మందు బలం తగ్గుతుంది. అందుకని హేచరీని అడగవలసిన ప్రశ్నలు ఇవే. ఎంత సైజులో మేత మొదలుపెట్టారు, జల్లెడ పట్టారా, ఎన్ని రోజులు పెట్టారు, తల్లి చేపలు ఎక్కడివి. ఈ నాలుగింటికీ తడబడకుండా జవాబు చెప్పలేని చోట, ఎంత చవకైనా నేనైతే కొనను.

ఎకరం చెరువులో 10,000 పిల్లలు వదిలారనుకుందాం. 97 శాతం మగవి అన్నా 300 ఆడవి ఉంటాయి. ఒక్కోటి ఒక్క కాన్పులో 200 పిల్లలను తేల్చినా అరవై వేలు. అంటే మూడు శాతం అన్నది చిన్న సంఖ్య కాదు.

సరిచూసుకోవడం ఎలా? చేప 20, 30 గ్రాములు దాటాక వెల్లకిలా పట్టుకుని మలద్వారం వెనుక ఉండే చిన్న బొడిపెను చూడాలి. మగదానికి మలద్వారంతో కలిపి రెండు రంధ్రాలే ఉంటాయి, ఆడదానికి మూడు. మధ్యలో అడ్డంగా గీతలా కనబడేది గుడ్లు వచ్చే దారి. ఒక చుక్క సిరా రాస్తే స్పష్టంగా తెలుస్తుంది. పది చేపలు చూసి ఊరుకుంటే లాభం లేదు. 100 చూసి ఒక్క ఆడదీ కనబడకపోయినా చెరువులో 3 శాతం వరకు ఉండే అవకాశం కొట్టేయలేం. 300 చూసి ఏమీ దొరక్కపోతేనే 1 శాతం లోపని గట్టిగా అనుకోవచ్చు. నర్సరీ నుంచి పెద్ద చెరువుకు మార్చేటప్పుడు ఎలాగూ చేతిలోకి తీసుకుంటారు, ఇద్దరు కూలీలకు నేర్పితే ఒక పూట పని. దొరికిన ఆడవాటిని అక్కడే ఏరేయండి. పిల్లలు అంతకంటే చిన్నగా ఉన్నప్పుడే తెలియాలంటే, కొన్ని చేపలను కోసి బీజకోశాన్ని గాజు పలక మీద నలిపి రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతి ఉంది. ఆ ఫలితం కాగితం హేచరీ దగ్గర ఉందేమో అడగండి.

కొందరు రైతులు పంట పట్టాక బాగా పెరిగిన చేపలను ఉంచుకుని, వాటితోనే మరుసటి ఏటికి సొంతంగా సీడ్ తీసుకుంటున్నారు. హార్మోన్ సీడ్‌తో ఇది చేయకూడదు. ఆ చేపల్లో సగం ఎక్స్‌వై మగవి, సగం శరీరానికి మగవైనా జన్యువులకు ఎక్స్‌ఎక్స్. తప్పించుకున్న కొద్దిపాటి ఆడ చేపలతో ఇవి కలిస్తే, ఎక్స్‌వై తండ్రి పిల్లల్లో సగం ఆడవి, ఎక్స్‌ఎక్స్ తండ్రి పిల్లల్లో అన్నీ ఆడవే. సగటు తీస్తే నూటికి 75 ఆడవి. మోనోసెక్స్ తెచ్చి పెంచిన చెరువులోనే మరుసటి ఏడు అంతా ఆడ చేపలు ఎలా నిండాయని ఆశ్చర్యపోయేవారికి జవాబు ఇదే. పంట పట్టాక చెరువు పూర్తిగా ఎండగట్టి, గుంటల్లో మిగిలిన నీటిలోనూ పిల్లలు లేకుండా చూసి, నీటి దారులకు సన్న వల కట్టాకే కొత్త సీడ్ దింపండి. సీడ్ బిల్లు మీద హేచరీ నమోదు సంఖ్య, పిల్లల వయసు, మోనోసెక్స్ అని రాయించుకోవడం మరవకండి.